ఇంగ్లీష్ నుంచి స్పానిష్‌కి టెక్నికల్ ట్రాన్స్‌లేటర్ కావాలా? ముందు మిషన్ ఏ దేశానికి వెళ్తుందో చెప్పండి

నేను పంపులు, వాల్వులు తయారుచేసే కంపెనీలో డాక్యుమెంటేషన్ చూస్తాను, హైదరాబాద్‌లోనే. మా సరుకు మెక్సికోకి వెళ్తుంది, చిలీకి వెళ్తుంది, ఈమధ్య స్పెయిన్‌కి కూడా మొదలైంది. అందుకని తెలిసినవాళ్లు ఫోన్ చేసి "స్పానిష్ ట్రాన్స్‌లేటర్ ఎవరైనా ఉంటే చెప్పండి, మాన్యువల్ ఒకటుంది" అని అడుగుతూ ఉంటారు. నేను వెంటనే అడిగేది ఒకటే, ఆ మాన్యువల్ ఏ దేశంలో ఎవరి చేతికి వెళ్తుంది అని. చాలామంది ఆ మాట ఆలోచించి ఉండరు, స్పానిష్ అంటే స్పానిషే కదా అంటారు. డబ్బులు పోయేది సరిగ్గా అక్కడే.

స్పానిష్ 20 దేశాల్లో అధికార భాష. మామూలు మాటల్లో, వార్తల్లో ఒకళ్లది ఒకళ్లకి బాగానే అర్థమవుతుంది. వర్క్‌షాప్‌లోకి అడుగుపెట్టాకే తేడా తెలుస్తుంది. మనం షాఫ్ట్ అనేదాన్ని స్పెయిన్‌లో ఎహె అంటారు, మెక్సికో మెకానిక్ ఫ్లేచా అంటాడు, ఆ మాటకి మామూలు అర్థం బాణం. బేరింగ్ మెక్సికోలో బలేరో, అర్జెంటీనాలో రులెమాన్, స్పెయిన్‌లో రొదమియెంతో. వాషర్ స్పెయిన్‌లో అరందేలా, మెక్సికోలో రొందానా, చిలీలో గోలియా. గ్యాస్కెట్ స్పెయిన్‌లో హుంతా, మెక్సికోలో ఎంపాకె. పంపుకి ప్రాణం లాంటి మెకానికల్ సీల్‌ని స్పెయిన్‌లో సియెర్రె మెకానికో అంటే, అట్లాంటిక్ అవతల సేయో మెకానికో అంటారు.

ఆనపకాయ అన్నా సొరకాయ అన్నా ఒకటే కదా, అర్థం చేసుకుంటారులే అనిపిస్తుంది. చాలావరకు చేసుకుంటారు కూడా. కానీ కొన్ని చోట్ల ఒకే మాట రెండు దేశాల్లో రెండు వస్తువులు. యాంతా అంటే మెక్సికోలో టైరు, స్పెయిన్‌లో టైరు ఎక్కించే రిమ్ము. యాంతా మార్చండి అని రాస్తే ఒకచోట టైరు విప్పుతారు, ఇంకోచోట రిమ్ము ఆర్డర్ పెడతారు. సివిల్ వాళ్లకైతే సెంట్రింగ్ ఒక్కదానికే నాలుగు పేర్లు, స్పెయిన్, పెరూల్లో ఎంకొఫ్రాదో, మెక్సికోలో సింబ్రా, కొలంబియాలో ఫొర్మలేతా, చిలీలో మొల్దాహె. కాంక్రీటు స్పెయిన్, చిలీ, అర్జెంటీనాల్లో ఒర్మిగోన్, మెక్సికో, కొలంబియా, పెరూల్లో కొంక్రేతో.

అంకెలు ఇంకా ప్రమాదం. మెక్సికోలో దశాంశానికి మనలాగే చుక్క పెడతారు, స్పెయిన్, చిలీ, అర్జెంటీనా, కొలంబియాల్లో కామా పెట్టడం అలవాటు. మన మాన్యువల్‌లో 1,250 ఆర్పీఎం అని ఉన్నదాన్ని ముట్టుకోకుండా చిలీ పంపితే అక్కడ చదివే మనిషికి అది ఒకటింపావు. స్పీడు దగ్గరైతే ఎవరూ నమ్మరు, ఇదేదో తప్పు పడిందని ఫోన్ చేస్తారు. క్లియరెన్స్ దగ్గర, టార్క్ దగ్గర, కెమికల్ డోసింగ్ దగ్గర నమ్మేస్తారు, అదీ భయం. బిలియన్ కూడా అంతే, ఇంగ్లీష్ బిలియన్ వంద కోట్లు, స్పానిష్ బియోన్ లక్ష కోట్లు, మన వంద కోట్లని అక్కడ మిల్ మియోనెస్ అనాలి. టెండర్ పేపర్లలో ఇది తప్పు పడితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

సరే, ఇప్పుడు మనుషుల సంగతి. మీ ముందు ఉండే దారులు ఐదారు, నేను అన్నీ ఒకసారైనా వాడి చూశాను.

మొదటిది, సరుకు వెళ్లే దేశంలోనే ఉన్న ఫ్రీలాన్స్ ట్రాన్స్‌లేటర్‌ని మీరే వెతికి నేరుగా పట్టుకోవడం. మిషన్ మాన్యువల్ లాంటి పనికి నా ఓటు దీనికే, వెతకడానికి ఓపిక ఉంటే. వెతికే చోటు కూడా పెద్ద రహస్యమేం కాదు. అమెరికన్ ట్రాన్స్‌లేటర్స్ అసోసియేషన్ (ఏటీఏ), 1959లో పెట్టారు, వాళ్ల వెబ్‌సైట్‌లో డైరెక్టరీ ఉంది, భాష జంట, రంగం పెట్టి వెతకొచ్చు. స్పెయిన్‌కి అసెత్రాద్ అనే సంఘం ఉంది, 2003 నుంచి. ఇంకా ప్రోజ్ అనే సైట్, 1999 నుంచి నడుస్తోంది, ప్రపంచంలో ఉన్న ట్రాన్స్‌లేటర్లు చాలామంది అక్కడ ప్రొఫైల్ పెట్టుకుంటారు. ప్రోజ్‌లో ఎవరైనా ప్రొఫైల్ తెరవొచ్చు, మెకానికల్, ఎలక్ట్రికల్, మెడికల్, లీగల్, వంటలు అన్నీ నా స్పెషాలిటీనే అని రాసుకున్నవాళ్లని చూస్తే పక్కకి తప్పుకోండి. ఒకటి రెండు రంగాలే రాసి, వాటిలోనే పదేళ్ల పని చూపించేవాళ్లని పట్టుకోండి. ప్రోజ్‌లో ట్రాన్స్‌లేటర్లు ఒకళ్లకొకళ్లు టెర్మ్‌ల మీద సందేహాలు అడుక్కునే చోటు ఉంటుంది, అక్కడ మీరు అనుకుంటున్న మనిషి పంపుల మీదో గేర్‌బాక్స్‌ల మీదో ఇచ్చిన జవాబులు చదివితే ఆయనకి మిషన్ తెలుసో, డిక్షనరీ మాత్రమే తెలుసో పది నిమిషాల్లో తేలిపోతుంది. రెజ్యూమె కన్నా నేను దీన్నే ఎక్కువ నమ్ముతాను.

ఏటీఏ సర్టిఫికేషన్ గురించి ఒక మాట. ఆ పరీక్ష నిజంగా కష్టం, పాసైనవాళ్లు గట్టివాళ్లే. పైగా సర్టిఫికెట్ దిశని బట్టి ఉంటుంది, ఇంగ్లీష్ నుంచి స్పానిష్‌కి పాసైతే ఆ దిశకే చెల్లుతుంది, కాబట్టి ఏ దిశ అన్నది చూడండి. కానీ అది అనువాదం చేతనవుతుందని చెప్పే కాగితం, సెంట్రిఫ్యూగల్ పంపు తెలుసని చెప్పేది కాదు. దేలె సర్టిఫికెట్ అయితే ఆ మాత్రం కూడా కాదు, ఏ1 నుంచి సీ2 దాకా స్పానిష్ ఎంత వచ్చో చెప్తుంది, అంతవరకే.

ఫ్రీలాన్సర్‌తో ఇబ్బంది ఏంటంటే మనిషి ఒక్కరే, జ్వరం వస్తే పని ఆగుతుంది, పైగా రాసినదాన్ని రెండో కన్ను చూడదు. అందుకని నేను ఇద్దరిని తీసుకుంటాను, ఒకరు రాస్తారు, ఇంకొకరు సరిచూస్తారు, ఇద్దరూ ఒకరికొకరు తెలిసినవాళ్లయితే ఇంకా మంచిది, మంచి ట్రాన్స్‌లేటర్‌ని అడిగితే తనే ఒక రివైజర్ పేరు చెప్తారు. టైమ్ తేడా మొదట్లో చిరాకు పెడుతుంది, మెక్సికో సిటీ మనకన్నా పదకొండున్నర గంటలు వెనక, మనకి సాయంత్రం ఆరున్నర అయితే వాళ్లకి పొద్దున ఏడు. కొన్నాళ్లకి అదే కలిసొస్తుంది, సాయంత్రం ప్రశ్నలకి జవాబులు పంపి ఇంటికెళ్తే పొద్దున వచ్చేసరికి చాప్టర్ వచ్చి ఉంటుంది.

రెండోది ఏజెన్సీ. పని పెద్దదైతే, ఒకేసారి స్పానిష్‌తో పాటు పోర్చుగీస్, ఫ్రెంచ్ కూడా కావాలంటే, డిజైన్ పని కూడా వాళ్లే చేయాలంటే ఏజెన్సీ తప్పదు. ఏజెన్సీ వాళ్లు ముందుగా చూపించేది ఐఎస్‌ఓ 17100 సర్టిఫికెట్, అది అనువాద సేవలకి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం. మంచిదే, దాని ప్రకారం ఒకరు చేసిన అనువాదాన్ని రెండో మనిషి మూలంతో పోల్చి చూసి తీరాలి, ట్రాన్స్‌లేటర్‌కి అనువాదంలో డిగ్రీ అయినా ఉండాలి, లేదంటే వేరే డిగ్రీతో రెండేళ్ల ఫుల్‌టైమ్ అనుభవం, అదీ లేకపోతే ఐదేళ్ల ఫుల్‌టైమ్ అనుభవం ఉండాలి. అయితే చాలామందికి తెలియని సంగతి, మెషిన్ చేసిన అనువాదాన్ని మనిషి దిద్దే పని ఈ 17100 పరిధిలోకి రాదు, దానికి ఐఎస్‌ఓ 18587 అని 2017లో వేరే ప్రమాణం వచ్చింది. కాబట్టి ఒక సర్టిఫికెట్ చూపించి ఇంకో పద్ధతిలో పని చేస్తున్నారేమో సూటిగా అడగండి. ఇది మనుషులు రాస్తారా, మెషిన్ రాస్తే దిద్దుతారా, రాసేవాళ్లు ఏ దేశం వాళ్లు, రివైజర్ ఎవరు, నా తర్వాతి మాన్యువల్‌కి కూడా వాళ్లే ఉంటారా. ఈ నాలుగింటికీ తడుముకోకుండా జవాబు చెప్పిన ఏజెన్సీ దగ్గరే నేను ఉండిపోయాను.

ఏజెన్సీతో మాకు ఐదేళ్ల క్రితం ఒక దెబ్బ తగిలింది, పేరు అనవసరం. షాఫ్ట్ డేటాషీట్‌లో క్వెంచ్‌డ్ అండ్ టెంపర్డ్ అని ఉంది. క్వెంచింగ్ అంటే ఉక్కుని ఎర్రగా కాల్చి నూనెలోనో నీళ్లలోనో ముంచడం, గట్టిపడుతుంది కానీ గాజులా పెళుసవుతుంది. టెంపరింగ్ అంటే మళ్లీ తక్కువ వేడికి తీసుకెళ్లి కాసేపు ఉంచి చల్లార్చడం, ఆ పెళుసుతనం తగ్గుతుంది. స్పానిష్‌లో మొదటిదాని పేరు తేంప్లె, రెండోదాని పేరు రెవెనీదో. చూశారా, టెంపర్ లాగా వినపడే మాట టెంపరింగ్ కాదు, దానికి ముందు చేసే పని. మా షీట్‌లో వాళ్లు రాసింది ఎన్‌ఫ్రియాదో ఇ తెంప్లాదో, అంటే చల్లార్చి, క్వెంచ్ చేసినది. రెవెనీదో అన్న మాటే లేదు. కొన్న కంపెనీ ఇన్‌స్పెక్టర్ ఆ ఒక్క లైన్ మీద వేలు పెట్టి, టెంపరింగ్ చేయని షాఫ్ట్ మా ప్లాంట్‌లోకి రాదు అని సరుకు హోల్డ్‌లో పెట్టాడు. ఆయన తప్పేం లేదు, నేనైనా అదే చేసేవాడిని. ఫర్నేస్ చార్టులు, హార్డ్‌నెస్ రిపోర్టులు అన్నీ పంపి, షీట్ మళ్లీ రాయించి పంపేసరికి రెండు వారాలు పట్టింది. అనువాదం చేసిన అమ్మాయి స్పానిష్ చాలా చక్కగా రాస్తుందట, ఆ షీట్ కూడా చదవడానికి హాయిగా ఉంది. హీట్ ట్రీట్‌మెంట్ ఎప్పుడూ చూడని మనిషికి ఆ పని ఇచ్చినవాళ్లదీ, అడగకుండా తీసుకున్న మాదీ తప్పు.

అప్పటి నుంచి మా దగ్గర శాంపిల్ టెస్ట్ లేకుండా ఎవరికీ పని ఇవ్వం. డబ్బులిచ్చే టెస్ట్ అండి, ఫ్రీగా చేయించుకోవద్దు, మంచివాళ్లు ఫ్రీ టెస్ట్ అంటే జవాబు కూడా ఇవ్వరు, వాళ్ల టైమ్‌కీ విలువుంది. 250 నుంచి 300 మాటల ముక్క, మన మాన్యువల్‌లోంచే ఏరి కూర్చినది. అందులో హీట్ ట్రీట్‌మెంట్ లైన్ ఒకటి ఉంటుంది. సిలికాన్, సిలికోన్ రెండూ ఉంటాయి, ఒకటి సిలీసియో, మూలకం, ఇంకోటి సిలికోనా, రబ్బరులాంటి సీలెంట్, పొరపాటు పడితే వెంటనే తెలుస్తుంది. చెక్ వాల్వ్ అన్న మాట రెండుసార్లు వస్తుంది, ఒకసారి అది వెనక్కి నీళ్లు రాకుండా ఆపే వాల్వ్ పేరు, ఇంకోసారి వాల్వ్‌ని చెక్ చేయండి అన్న ఆజ్ఞ. ఇంకా బేరింగ్ హౌసింగ్ క్యాప్ డ్రెయిన్ ప్లగ్ లాంటి రైలుపెట్టె మాట ఒకటి. ఇంగ్లీష్‌లో, తెలుగులో ఇలా పేర్లు వరసగా పేర్చేస్తే సరిపోతుంది, స్పానిష్‌లో వెనక నుంచి ఒక్కొక్కటి విప్పి ఇది దానిది, అది దీనిది అని కట్టాలి, అంటే డ్రెయిన్ ప్లగ్ క్యాప్‌కి ఉందా హౌసింగ్‌కి ఉందా అన్నది తెలిసి ఉండాలి. డ్రాయింగ్ చూడకుండా అది ఎవరూ చెప్పలేరు.

అందుకే టెస్ట్‌లో నేను ఎక్కువ మార్కులు వేసేది వాళ్లు అడిగే ప్రశ్నలకి. ఇప్పుడు మా మెక్సికో మాన్యువల్స్ చేసే ఆవిడ ఆ 300 మాటల ముక్కకి ఆరు ప్రశ్నలు పంపారు. సెక్యూర్ ద కవర్ అన్నారు, బిగించాలా, తాళం వేయాలా? ఈ బేరింగ్ బాల్ బేరింగా, బుష్ టైపా, ఎందుకంటే బుష్ టైప్ అయితే కోహినేతె అని రాయాలి. ప్లాంట్ వాళ్లు షాఫ్ట్‌ని ఫ్లేచా అంటారా, ఎహె అంటారా, వాళ్ల పాత డాక్యుమెంట్ ఏదైనా ఉందా? క్రాస్ సెక్షన్ డ్రాయింగ్ పంపగలరా? ఆ మెయిల్ చదవగానే పని ఈవిడకే అని తేల్చేసుకున్నాను నేను. అదే టెస్ట్ తీసుకున్న ఇంకో ముగ్గురు ఒక్క ప్రశ్న కూడా లేకుండా రెండు గంటల్లో పంపేశారు, ముగ్గురూ చెక్ వాల్వ్ దగ్గరే పడ్డారు.

మూడో దారి మన ఇండియాలోనే ఉన్న స్పానిష్ చదివినవాళ్లు. హైదరాబాద్ ఇఫ్లూ యూనివర్సిటీలో స్పానిష్ ఉంది, ఢిల్లీలో జేఎన్‌యూ ఉంది, స్పెయిన్ ప్రభుత్వం నడిపే ఇన్‌స్టిట్యూటో సెర్వాంతెస్ ఉంది, అక్కడి నుంచి వచ్చే పిల్లలు నిజంగా బాగా చదువుకున్నవాళ్లు. కానీ వృత్తిలో ఉన్న నియమం ఏంటంటే ఎవరైనా తన సొంత భాషలోకి అనువదించాలి. మనకి ఎంత ఇంగ్లీష్ వచ్చినా అమెరికా వాడు మన ఇంగ్లీష్ చదివి ఇది ఇండియాలో రాసిందని పసిగట్టేస్తాడే, ఇదీ అంతే. కాబట్టి మాన్యువల్‌ని స్పానిష్‌లోకి పెట్టే పని వీళ్లకి ఒంటరిగా ఇవ్వొద్దంటాను, అక్కడి రివైజర్ ఉంటే ఇవ్వొచ్చు. వీళ్లు బంగారంలా పనికొచ్చే చోట్లు వేరే ఉన్నాయి. స్పానిష్‌లో వచ్చిన టెండర్, కస్టమర్ కంప్లయింట్ ఇంగ్లీష్‌లోకి తేవడం, ఫ్యాక్టరీలో టెస్టింగ్ చూడటానికి వచ్చిన కస్టమర్ పక్కన నిలబడి మాట్లాడించడం, రోజువారీ మెయిల్స్. మెకానికల్, సివిల్ చదివి స్పానిష్ కూడా నేర్చుకున్న మన తెలుగు పిల్లలు ఎవరైనా ఇది చదువుతుంటే, స్పానిష్ నుంచి ఇంగ్లీష్‌కి టెక్నికల్ పని చేసేవాళ్లు మాకు దొరకడం లేదు, ఆ దిశగా రండి.

నాలుగోది, అందరికీ ముందు తట్టేది, డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఇంజనీర్ ఉన్నాడు కదా ఆయనకే ఇచ్చేద్దాం అని. ఆయనకి మిషన్ తెలుసు, అక్కడి మాట తెలుసు, డబ్బులు కూడా అడగడు. మేము ఒకసారి ఇచ్చాం. మూడు నెలలు పట్టింది, ఎందుకంటే ఆయన ఉద్యోగం అది కాదు, పైగా తనకి తెలిసిన పద్ధతి రాసి మన ఇంగ్లీష్‌లో ఉన్న రెండు సేఫ్టీ స్టెప్పులు వదిలేశాడు, ఇవి అందరికీ తెలిసినవే కదా అని. అందుకని ఆయన్ని రాయమని అడగను, చదవమని అడుగుతాను. పార్ట్ పేర్ల లిస్ట్ ఫోటోలతో పంపి మీ మెకానిక్‌లు దీన్ని ఏమంటారు అని ఒక కాలమ్ నింపించుకుంటే అంతకన్నా విలువైనది లేదు, గంట పని, సంతోషంగా చేస్తారు.

ఇక ఐదోది మెషిన్. డీప్‌ఎల్, గూగుల్ ట్రాన్స్‌లేట్, చాట్ టూల్స్, వీటి స్పానిష్ ఇప్పుడు చాలా సాఫీగా ఉంటుంది, నేను కాదనను. కస్టమర్ మెయిల్ అర్థం చేసుకోవడానికి, లోపల మనవాళ్లు చదువుకోవడానికి నేను రోజూ వాడతాను. మాన్యువల్‌కి వచ్చేసరికి ఆ సాఫీతనమే ప్రమాదం, తప్పు కూడా నున్నగా ఉంటుంది, కంటికి దొరకదు. ఇంకా ఒకే సీల్‌ని 12వ పేజీలో ఒక పేరుతో, 30వ పేజీలో ఇంకో పేరుతో పిలుస్తుంది, మెకానిక్ ఇవి రెండు వేర్వేరు పార్టులేమో అనుకుంటాడు. మెషిన్ రాసింది మనిషి దిద్దే పద్ధతి తప్పేం కాదు, రిపీట్ అయ్యే స్పేర్ పార్ట్ వివరాలకి, పాత మాన్యువల్ చిన్న రివిజన్‌కి బాగానే పనికొస్తుంది, కానీ దిద్దే మనిషి పైన చెప్పిన టెస్ట్ పాసైన మనిషే అయ్యుండాలి. కస్టమర్ డ్రాయింగులు, స్పెసిఫికేషన్లు ఫ్రీ టూల్‌లో అతికించే ముందు మీరు సంతకం పెట్టిన గోప్యత అగ్రిమెంట్ ఒకసారి తీసి చదవండి.

ఇవి కాక ప్రమాణం చేసిన ట్రాన్స్‌లేటర్లు ఉంటారు. స్పెయిన్‌లో త్రదుక్తోర్ హురాదో అంటారు, విదేశాంగ శాఖ నియమిస్తుంది. మెక్సికోలో పెరీతో త్రదుక్తోర్, అర్జెంటీనాలో త్రదుక్తోర్ పూబ్లికో. కంపెనీ రిజిస్ట్రేషన్, పవర్ ఆఫ్ అటార్నీ, కోర్టుకో ప్రభుత్వానికో ఇచ్చే కాగితాలకి వీళ్ల ముద్ర అడుగుతారు, అప్పుడు సరుకు వెళ్లే దేశపు మనిషినే పట్టుకోండి, ఒక దేశపు ముద్ర ఇంకో దేశంలో చెల్లుతుందని అనుకోవద్దు. మాన్యువల్‌కి మాత్రం కస్టమర్ రాతపూర్వకంగా అడిగితే తప్ప ఈ ముద్రకి డబ్బు పెట్టక్కర్లేదు.

స్పెయిన్‌కి మిషన్ పంపేవాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోవాలి. యూరప్ మెషినరీ డైరెక్టివ్ 2006/42 ప్రకారం మిషన్ అమ్మే దేశపు అధికార భాషలో సూచనలు ఉండి తీరాలి, ఇంగ్లీష్ మూలం నుంచి చేసిన స్పానిష్ మాన్యువల్ మీద ఇది మూలానికి అనువాదం అని, త్రదుక్సియోన్ దెల్ మన్వాల్ ఒరిహినాల్ అని రాసి ఉండాలి, మూలం కూడా జత చేయాలి. 2027 జనవరి 20 నుంచి దీని స్థానంలో 2023/1230 రెగ్యులేషన్ వస్తుంది. స్పెయిన్ నుంచి వచ్చిన ట్రాన్స్‌లేటర్‌ని ఈ లైన్ కవర్ మీద ఎలా రాస్తారని అడిగి చూడండి, యంత్రాల పని చేసినవాళ్లయితే ఆలోచించకుండా చెప్తారు.

అమెరికాలో ఉన్న మనవాళ్లది వేరే కథ. టెక్సాస్ వైపు కన్‌స్ట్రక్షన్, ఫ్యాబ్రికేషన్ నడిపే తెలుగువాళ్లు సైట్‌లో స్పానిష్ మాట్లాడే వర్కర్ల కోసం సేఫ్టీ పేపర్లు చేయిస్తుంటారు. వర్కర్‌కి అర్థమయ్యే భాషలోనే ట్రైనింగ్ ఇవ్వాలని, పనిచోట భద్రత చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ ఓషా 2010లోనే స్పష్టం చేసింది. ఓషా వెబ్‌సైట్‌లో ఇంగ్లీష్, స్పానిష్ పదాల డిక్షనరీ ఉచితంగా ఉంది, కన్‌స్ట్రక్షన్ మాటలతో సహా. అక్కడ చదివేవాళ్లలో ఎక్కువమంది మెక్సికో, మధ్య అమెరికా మనుషులు, కాబట్టి మాడ్రిడ్ స్పానిష్ పెట్టొద్దు, అమెరికాలోనే ఉండే ఏటీఏ సభ్యుల్లో చూసుకోండి.

డబ్బులు, రోజుల సంగతి. రేటు మాట లెక్కన ఉంటుంది, మూలంలో ఉన్న ఇంగ్లీష్ మాటలా, చివరికి వచ్చే స్పానిష్ మాటలా అన్నది ముందే తేల్చుకోండి, స్పానిష్ సుమారు 20 నుంచి 25 శాతం పొడుగు వస్తుంది కాబట్టి బిల్లు మారిపోతుంది. ఒక మనిషి శ్రద్ధగా చేస్తే రోజుకి 2,000 నుంచి 2,500 మాటలు. 20,000 మాటల మాన్యువల్ అంటే ఎనిమిది నుంచి పది పనిదినాలు, ఆపైన రివిజన్, ఆపైన పేజీలు సర్దడం. మూడు రోజుల్లో ఇచ్చేస్తాం అన్నారంటే నలుగురికి పంచుతున్నారు, నాలుగు రకాల వాషర్లు వస్తాయి. ట్రాన్స్‌లేటర్లు ట్రాడోస్, మెమోక్యూ లాంటి సాఫ్ట్‌వేర్‌లో పని చేస్తారు, ఒకసారి చేసిన వాక్యం అందులో గుర్తుండిపోతుంది, తర్వాతి మోడల్ మాన్యువల్‌లో అదే వాక్యం వస్తే తక్కువ రేటు. ఆ మెమరీ ఫైల్‌ని టీఎంఎక్స్ ఫార్మాట్‌లో, అంటే వేరే ట్రాన్స్‌లేషన్ సాఫ్ట్‌వేర్‌లో కూడా తెరుచుకునేలా, మాకు ఇవ్వాలి అని పర్చేజ్ ఆర్డర్‌లోనే రాయించండి. మేము మొదటి మూడేళ్లు అడగలేదు, ఏజెన్సీ మారినప్పుడు మళ్లీ సున్నా నుంచి కట్టాం.

పొడుగు అన్నాను కదా, అది స్టిక్కర్ల దగ్గర, కంట్రోల్ ప్యానెల్ స్క్రీన్ దగ్గర గట్టిగా తగులుతుంది. స్క్రీన్‌లో 16 అక్షరాలే పడతాయంటే ఆ ముక్క ముందే చెప్పాలి, లేకపోతే ట్రాన్స్‌లేటర్ చక్కగా 27 అక్షరాలు రాస్తారు, మన సాఫ్ట్‌వేర్ కుర్రాడు మధ్యలో కోసేస్తాడు, అర్థం తిరగబడుతుంది. హెచ్చరిక మాటలు కూడా మొదటి రోజే తేల్చేసుకోండి. డేంజర్‌కి పెలీగ్రో, వార్నింగ్‌కి అద్వెర్తేన్సియా, కాషన్‌కి ప్రెకౌసియోన్ లేదా అతెన్సియోన్, ఏదో ఒకటి ఎంచుకుని మాన్యువల్‌లోనూ మిషన్ మీద స్టిక్కర్‌లోనూ అదే ఉంచాలి. ఆ మూడూ మూడు స్థాయిల ప్రమాదం, మార్చి మార్చి వాడితే ఏది ప్రాణం తీసేదో ఏది వేలు గీరుకునేదో చదివేవాడికి తెలియదు.

ఇంక చివర్లో అందరూ వదిలేసేది, డిజైనర్ పేజీలు సర్దాక ఆ పీడీఎఫ్ మళ్లీ ట్రాన్స్‌లేటర్‌కే పంపడం. మన దగ్గర పేజీలు సర్దేవాళ్లకి స్పానిష్ రాదు, ఎక్కడ లైన్ తెగిందో, ఏ బొమ్మ కింద ఏ పేరు పడిందో వాళ్లకి కనపడదు. పోయిన నెల పీడీఎఫ్‌లో ఒక బొమ్మ కింద సక్షన్, డిశ్చార్జ్ పేర్లు అటూ ఇటూ మారి ఉన్నాయని మా మెక్సికో మాన్యువల్స్ చేసే ఆవిడే పట్టుకున్నారు, అనువాదం సరిగ్గానే ఉంది, అతికించేటప్పుడు జరిగింది. దానికి గంటల లెక్కన విడిగా డబ్బులివ్వండి, మొహమాటపెట్టి ఊరికే చూడమనొద్దు.

రేపే మొదలుపెట్టాలంటే ట్రాన్స్‌లేటర్‌ని వెతకడానికి ముందు మీ మాన్యువల్‌లోంచి యాభై పార్ట్ పేర్లు తీసి, పక్కన ఒక్కో ఫోటో పెట్టి, ఎక్సెల్ షీట్ ఒకటి చేసుకోండి. మా షీట్‌లో ఇప్పుడు ఇంగ్లీష్ పక్కన మూడు కాలమ్స్ ఉన్నాయి, మెక్సికో, చిలీ, స్పెయిన్. మెక్సికో నిండింది, చిలీ దాదాపు నిండింది, స్పెయిన్‌లో ఇంకా ఖాళీలున్నాయి, అక్కడి కస్టమర్ మెయింటెనెన్స్ ఆయన వారానికి నాలుగైదు నింపి పంపుతున్నారు.